ఆఖరి బస్సు ఎన్నింటికి?



పెళ్ళి మాటలకు వచ్చినవాళ్ళు కుర్రాడి ఉద్యోగం అడుగుతారు, పొలం ఎన్ని ఎకరాలో అడుగుతారు, అప్పులేమైనా ఉన్నాయేమోనని ఇరుగుపొరుగును వాకబు చేస్తారు. కొల్లేటి ఊళ్ళలో ఇంకో ప్రశ్న కూడా అడుగుతారు. ఆడపిల్ల తండ్రి కాఫీ గ్లాసు కింద పెట్టి, చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతూ ఆగి, "మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికండీ?" అంటాడు. రాత్రి ఎనిమిదిన్నరకు ఉందంటే ఆయన మొహం ఒకలా ఉంటుంది. సాయంత్రం ఐదింటికే అంటే ఇంకోలా ఉంటుంది. "వానాకాలంలో చెప్పలేమండి" అన్నారనుకోండి, "మళ్ళీ కబురు చేస్తాం" అని లేస్తాడు. ఆ కబురు రాదు.

మనుషులు పల్లె వదిలి పట్నం ఎందుకు పోతారని అడిగితే చాలామంది రెండు కారణాలు చెబుతారు. ఒకటి డబ్బు, రెండోది మోజు. డబ్బు సంగతి నేను కాదనను. మోజు అనే మాట మాత్రం నాకు మింగుడు పడదు. కొల్లేటి నడుమ ఒక లంకలో పన్నెండేళ్ళు చిన్నపిల్లలకు పాఠం చెప్పాను. నా కళ్ళముందే ఎన్నో కుటుంబాలు సామాన్లు సర్దుకున్నాయి. సినిమా హాళ్ళ కోసం సర్దుకున్నవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు.

నా కాపురం తాడేపల్లిగూడెంలో. మా వైపు అందరూ గూడెం అనే అంటారు. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కేదాన్ని. బాదంపూడి, ఉంగుటూరు, చేబ్రోలు, కైకరం, పూళ్ళ, భీమడోలు, దెందులూరు... ఆ స్టేషన్ల వరస నాకు రెండో ఎక్కంలా నోటికొచ్చేది. ఏలూరులో దిగి కైకలూరు వెళ్ళే బస్సు పట్టుకుంటే, ఊరు దాటిన కాసేపటికి రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు మొదలయ్యేవి. నీళ్ళలో తుంగ, కిక్కిస, గుర్రపుడెక్క, మధ్య మధ్యన చేపల చెరువుల గట్లు. నవంబరు దాటితే గూడబాతులు కూడా.

కొల్లేరును చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. కృష్ణ డెల్టాకు, గోదావరి డెల్టాకు నడుమ మిగిలిపోయిన పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా లెక్కకు మించిన డ్రెయిన్లు అందులోకి దిగుతాయి. ఆ నీళ్ళు సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్కటే, సుమారు అరవై కిలోమీటర్ల ఉప్పుటేరు. వచ్చే నీళ్ళకు డజన్ల తలుపులు, పోయే నీళ్ళకు ఒక్క తలుపు. ఆ పల్లంలో 46 లంక గ్రామాలు, అంచున మరో 76 ఊళ్ళు ఉన్నాయని లెక్క. ఆఫీసు కాగితాల్లో వీటిని బెడ్ విలేజీలు, బెల్ట్ విలేజీలు అంటారు. రోడ్లు పడకముందు అన్నిటికీ తాటి దోనే దిక్కు. పెళ్ళికూతురు దోనెలోనే వచ్చేది, రోగి దోనెలోనే వెళ్ళేవాడు.

నేను బడిలో చేరిన మొదటి వేసవిలో ఒక సంగతి గమనించాను. హాజరు పట్టీలో మూడు, నాలుగు తరగతుల ఆడపిల్లల పేర్ల ఎదురుగా మధ్యాహ్నం పూట వరసగా సున్నాలు. మగపిల్లలకు లేవు. అడిగితే పిల్లలు నవ్వారు. మంచినీళ్ళ ట్యాంకరు రెండింటికి వస్తుందట. బిందెలు వరసలో పెట్టుకుని కాపలా కాయాలట. కనుచూపు మేర నీళ్ళున్న ఊరు అది. ఆ నీళ్ళలో చేపల చెరువుల మురుగు, ఎగువ పట్టణాల మురుగు, పైగా ఎండాకాలంలో ఉప్పుటేరు మీదుగా ఎదురెక్కి వచ్చే సముద్రపు ఉప్పు. ఎనిమిదేళ్ళ పిల్ల నడుం మీద బిందె పెట్టుకుని, రెండో చేత్తో పలక పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడటం నేను చూశాను. ఆ పిల్ల తల్లి పట్నం పోదామని భర్తతో పోరుపెట్టిందంటే దాన్ని మోజు అనడానికి నాకు నోరు రాదు.

2005 సెప్టెంబరులో వాన పట్టింది. ఎగువన బుడమేరు పొంగి బెజవాడలోకి వచ్చిందని రేడియోలో విన్నాం. అక్కడ పొంగిందంటే ఆ నీళ్ళు తర్వాత మా దగ్గరకే రావాలి. మర్నాడు బడి విడిచే వేళకు మా బస్సు దారిలోని చినఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదికి నీళ్ళు ఎక్కాయి, బస్సు ఆగిపోయింది. ఆ రాత్రి మూడో తరగతి పిల్లాడి ఇంట్లో ఉండిపోయాను. వాళ్ళ నాన్న చేపల చెరువు మీద మేత కట్టే పని చేసేవాడు. చిల్లులు పెట్టిన తవుడు బస్తాలను నీళ్ళలో కర్రలకు కట్టే పని అది. ఆయన భార్యకు నెలలు నిండాయి. పదకొండింటికి ఆయన తల్లి నన్ను తట్టి లేపి, "టీచరమ్మగారూ, కోడలికి నొప్పులొచ్చేత్తన్నాయండి" అంది.

ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, పైన బరకం కట్టారు. నేనూ అత్తగారూ ఆమెకు చెరో పక్క కూర్చున్నాం. నీళ్ళలో రోడ్డు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ తెగుతుందో కనబడదు. నలుగురు మగవాళ్ళు పడవ గెడలు పట్టుకుని ట్రాక్టరుకు ముందు నడిచారు. ఇద్దరు ఎడమ అంచున, ఇద్దరు కుడి అంచున. గెడ దిగబడితే "పక్కకి, పక్కకి" అని కేక. ఆ గెడల మధ్యన ఉన్నదే రోడ్డు. బ్యాటరీ లైటు వెలుతురులో నీళ్ళ మీద వాన చినుకులు తప్ప ఏమీ కనిపించలేదు. మామూలు రోజున బస్సు చిటికెలో దాటే ఆ ముక్కకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. తెల్లవారుజామున ఏలూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ముసలమ్మ వరండాలో గోడకు ఆనుకుని, "పట్నంలో అయితే ఆటో పిలిస్తే వచ్చేత్తాదంట కదండీ" అంది. ఆమె ఎవరినీ తప్పు పట్టలేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే.

దూరమంటే కిలోమీటర్లు కాదని నాకు ఆ రాత్రి తెలిసింది. ఆ లంక నుంచి ఏలూరు ఎంతో దూరం కాదు. కానీ ఆ దూరం ఇవాళ అరగంట, రేపు నాలుగు గంటలు, ఎల్లుండి దాటరానిది. పట్నంలో ఆసుపత్రి దగ్గరగా ఉండకపోవచ్చు, ఖరీదు కూడా కావచ్చు. కానీ అది నిన్న ఎంత దూరమో ఇవాళా అంతే దూరం. మనిషి ఒక చోట నిలబడి బతకడానికి ఆ నమ్మకం కావాలి. పేదవాడికి ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే లెక్క తప్పితే సర్దుకునే వెసులుబాటు అతనికి ఉండదు.

మరుసటి ఏడాది ఆపరేషన్ కొల్లేరు జరిగింది. ఐదో కాంటూరు అనే ఎత్తు గీత లోపల ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లోనే అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో పొక్లెయిన్లు, పేలుడు మందు తెచ్చి ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు ఊపిరి పీల్చుకోవాలంటే గట్లు పోవలసిందేనని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. గట్లు నిండిన కొల్లేటిలో వరద నిలిచే చోటే లేదు. కానీ ఆ చెరువుల మీద మేత కట్టేవాడికి, పట్టుబడికి వెళ్ళే కూలీకి, చేపలకు ఐసు కొట్టేవాడికి గట్టుతోపాటు కూలి కూడా పోయింది. పెద్ద చెరువుల వాళ్ళు ఇంకో చోట చెరువు తవ్వుకోగలిగారు. మా మూడో తరగతి పిల్లాడి నాన్న తవ్వుకోలేడు. ఆ జూన్‌లో పిల్లాడికి టీసీ రాసిచ్చాను. అమ్మ చంకలో తొమ్మిది నెలల పిల్ల. ముసలమ్మ మాత్రం కదలనంది. వాళ్ళు బెజవాడ వెళ్ళి సింగ్ నగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆయన గోడౌన్లలో ముఠా కూలీగా కుదిరాడు.

పేదవాళ్ళు, పల్లపు ఊళ్ళవాళ్ళు మాత్రమే వెళ్ళిపోయారా అంటే, కాదు. గోదావరి డెల్టాకు ఒకప్పుడు జనం వెతుక్కుంటూ వచ్చారు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కరువులకు, తుఫాన్లకు ఊళ్ళు ఖాళీ అవుతుంటే, 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. విజ్జేశ్వరం వైపు నుంచి గోదావరి కాలువ, బెజవాడ వైపు నుంచి కృష్ణ కాలువ ఏలూరులో కలిశాయి. ఆ కాలువల మీద ధాన్యం పడవలు నడిచాయి. 1890లలో రైలు వచ్చింది. నీళ్ళు, పంట, రవాణా మూడూ ఉన్న చోట జనం నిలిచారు. అలాంటి నేలలో 2011 జనాభా లెక్కలు చూడండి. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా జనాభా పదేళ్ళలో సుమారు 3.5 శాతం మాత్రమే పెరిగింది. అదే పదేళ్ళలో దేశం 17 శాతానికి పైగా పెరిగింది. పిల్లల్ని తక్కువ కనడం అందులో ఒక కారణం. వెళ్ళిపోవడం ఇంకో కారణం. మూడు పంటలు పండే ఊళ్ళో రెండంతస్తుల డాబా, గేటుకు తాళం, పొలం కౌలుకు, పిల్లలు హైదరాబాదులో, మనవలు అమెరికాలో. ముందు తరాలు నీటికోసం వచ్చాయి. ఈ తరానికి నీరు ఒక్కటే చాల్లేదు.

పల్లె అంటే స్వర్గమనీ, పట్నం దాన్ని మింగేసిందనీ రాసేవాళ్ళున్నారు. వాళ్ళతో నేను ఒప్పుకోను. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెను పొగిడేవాళ్ళను గట్టిగా నిలదీశారు. ఆయన మాటల బరువు నాకు పుస్తకంలో కంటే మా ఊరవతలి పేటలో బాగా తెలిసింది. చదువులో ముందుండే పేట పిల్లాడొకడు పదో తరగతి అయ్యాక హైదరాబాదు వెళ్ళాడు. సెలవులకు వచ్చినప్పుడు, "అక్కడ టీకొట్టులో గ్లాసు ఎవరిదని ఎవరూ చూడరు టీచర్‌ గారూ" అన్నాడు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మాత్రం పేరూ ఊరూ చూస్తారనీ చెప్పాడు. అయినా టీ గ్లాసు దగ్గర దొరికిన ఆ కాస్త గాలి అతనికి చిన్నది కాదు. పల్లెలో అందరూ మనల్ని ఎరుగుదురు అనేది కొందరికి ధైర్యం, కొందరికి సంకెల. ఆ రెండోవాళ్ళకు పట్నం ఇచ్చేది డబ్బు ఒక్కటే కాదు.

ఎరిగినవాళ్ళు ఉండటం ఎంత ధైర్యమో కూడా చూశాను. అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లో నగరాల గురించి ఒక పుస్తకం రాశారు. వీధిని కాపాడేది పోలీసులకంటే ముందు ఆ వీధిలో ఉండేవాళ్ళ చూపు అన్నది అందులో ముఖ్యమైన మాట. అది చదివినప్పుడు నాకు ఏలూరు వన్ టౌన్ గుర్తొచ్చింది. పాత ఇళ్ళు, వీధిలోకి దిగిన అరుగులు, సాయంత్రం అరుగు మీద బియ్యం ఏరుకునే ఆడవాళ్ళు. వీధిలో కొత్త మనిషి అడుగుపెడితే నలుగురు తలెత్తి చూస్తారు. 2020 డిసెంబరు మొదటి వారంలో ఆ వీధుల్లోనే ఉన్నట్టుండి మనుషులు కళ్ళు తిరిగి, మూర్ఛలతో పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. రక్త పరీక్షల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందుల అవశేషాల మీదా అనుమానాలు వచ్చాయి. అరుగుల వీధులు కాబట్టి పడిపోయిన మనిషి క్షణం కూడా ఒంటరిగా లేడు, పక్కింటివాళ్ళు భుజానేసుకుని పరుగెత్తారు. ఆరో అంతస్తులో తలుపులు మూసిన ఫ్లాటులో అయితే ఎవరు చూస్తారు? కానీ ఆ వారం గడిచాక అదే వీధుల్లో కొళాయి కింద బిందె పెట్టడానికి చేతులు ఆడలేదు. ఇరుగుపొరుగు ఎంత మంచిదైనా నీటి మీద నమ్మకం పోయిన చోట మనిషికి కంటినిండా నిద్ర పట్టదు. ఊరికి రెండూ కావాలి. ఒకటి ఉంది కదాని రెండోదానికి సర్దుకోమని ఎవరినీ అడగకూడదు.

ఆ రెంటినీ ఒక చోట ఇవ్వగలిగినవి చిన్న పట్టణాలు అని నా నమ్మకం. గూడెంలో నేను చూస్తున్న సంసారాలు చాలావరకు ఇలా ఉంటాయి. వ్యవసాయం ఊళ్ళో, కాపురం గూడెంలో. తండ్రి పొద్దున్నే మోటారు సైకిలు మీద చేలోకి వెళతాడు, తల్లి పిల్లల్ని బడికి పంపుతుంది, చావుకైనా పెళ్ళికైనా అరగంటలో ఊళ్ళో ఉంటారు. ఉల్లిపాయల హోల్‌సేల్ మార్కెట్‌తో పేరుపడ్డ ఊరు ఇది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే పక్క భూముల్లో ఇప్పుడు 2015లో వచ్చిన నిట్ ఉంది. దగ్గర్లో వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇవన్నీ మంచివే. అయినా నన్నడిగితే ఈ ఊళ్ళను ఇన్నేళ్ళు నిలబెట్టినవాటిలో అన్నిటికంటే చిన్నది రైలు సీజన్ పాసు. గూడెంలో నిద్రలేచి, బెజవాడలో ఉద్యోగం చేసి, మళ్ళీ రాత్రి అన్నానికి ఇంట్లో ఉండే మనుషులు ప్యాసింజరు నిండా ఉండేవాళ్ళు. మా పెట్టెలో ఒకావిడ బీన్స్ ఈనెలు తీస్తూ ఏలూరు దాటేది. ఇంకొకాయన తన కొడుక్కి లెక్కలు ఫోన్లో చెప్పేవాడు. వాళ్ళు పట్నానికి పోకుండా పట్నం జీతం తెచ్చుకున్నారు. 2020 మార్చిలో కరోనాకు ప్యాసింజర్లు ఆగాయి. ఆ నెలల్లో బెజవాడలో గది తీసుకున్నవాళ్ళలో నాకు తెలిసిన ఇద్దరు మళ్ళీ వెనక్కి రాలేదు. రైలు ఆగితే ప్రయాణం ఒక్కటే ఆగదు. కాపురాల చిరునామాలు మారిపోతాయి.

ఇక సింగ్ నగర్‌లోని ఆ కుటుంబం సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మళ్ళీ పొంగింది. ఈసారి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. నాకు ఫోన్ వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. 2005లో ట్రాక్టరు మీద వెళ్ళి ఏలూరులో పుట్టిన ఆ పిల్లే. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఇంటివాళ్ళ మేడ మీద పదిహేను మంది ఉన్నారట, తాగడానికి నాలుగు సీసాలు నీళ్ళున్నాయట. ఫోన్ వాళ్ళ నాన్నకు ఇచ్చింది. ఆయన గొంతు నెమ్మదిగా ఉంది. "ఏం చెప్పమంటారండీ, బుడమేరు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేసిందండి" అన్నాడు. కొల్లేటిలో దాని నీళ్ళకు జడిసి వెళ్ళినవాళ్ళు, అదే ఏటికి ఎగువన, అదే పల్లంలో ఇల్లు తీసుకున్నారు. అద్దె చవకగా దొరికేది పల్లంలోనే కదా. నాలుగు రోజుల తర్వాత ఆ నీళ్ళే కొల్లేటికి చేరాయి. చినఎడ్లగాడి దగ్గర రోడ్డు మళ్ళీ మునిగింది. లంకలో ముసలమ్మ గడప దాకా నీళ్ళు వచ్చాయి. కొడుకు ఇంట్లోకి వచ్చిన నీళ్ళు తల్లి గడపకు చేరడానికి పట్టింది ఆ నాలుగు రోజులే.

వెనక్కి వస్తారేమోనని అడిగాను. రారు. పిల్ల కాలేజీ ఉంది, డ్యూటీ అయ్యాక రాత్రి పదింటికి కూడా సిటీ బస్సు ఉంది. ఆ ఒక్క మాట చెప్పి వాళ్ళమ్మ ఊరుకుంది. నేనూ ఇంకేం అనలేదు. మునిగిన ఇంటికి సున్నం వేయించుకుని మళ్ళీ అక్కడే ఉన్నారు.

కిందటి ఫాల్గుణంలో ఆ పిల్ల మళ్ళీ ఫోన్ చేసింది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వస్తారట, నాయనమ్మను కూడా చూస్తారట. "టీచర్‌ గారూ, చీకటి పడ్డాక లంక నుంచి ఏలూరుకు ఆఖరి బస్సు ఎన్నింటికండీ?" అని అడిగింది. కనుక్కుని చెబుతానని బస్టాండు ఎంక్వయిరీకి ఫోన్ చేశాను. జాతర రోజుల్లో స్పెషల్ బస్సులు రాత్రి పొద్దుపోయేదాకా తిరుగుతాయన్నారు. మామూలు రోజుల్లో అయితే సాయంత్రమే ఆఖరిది. ఆ మాటే పిల్లకు చెప్పాను.

"అయితే జాతర రోజుల్లోనే వచ్చేస్తామండి" అంది.